జడ గొట్టాల కారు

విశాఖపట్నం,
బుధవారం మధ్యాహ్నం.

వరలక్ష్మక్కకి,

చెల్లెలు సత్యవతి దణ్ణం పెట్టి చెప్పుకునే కబుర్లు. ఇక్కడ నేనూ మీ మరిదిగారూ బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, బావగారూ, పిల్లలూ, మంచం దిగకుండానే ఇల్లంతా ఏలుతున్న నాయనమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తాను. బుజ్జిగాడి చెవిపోటు తగ్గిందా? వెల్లుల్లి కాచిన నూనె వెయ్యకు, డాక్టరుకి చూపించు. నేను మాత్రం పూర్ణ ఆరోగ్యంగా ఉన్నాను, నా గురించి ఏ బెంగా పెట్టుకోవద్దు. ఈ మాట ఈ ఉత్తరంలో ఇంకో రెండుసార్లు రాస్తాను. ఎందుకో చదివితే నీకే తెలుస్తుంది.

పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి కూర్చో అక్కా. ఇది నిలబడి చదివే ఉత్తరం కాదు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. లేసుల ఏజెంటు ఇంటికొచ్చి, పై దేశం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది, సత్యవతి తిరిగొస్తే మన వీధి ఆడవాళ్ళందరి మీదా పెద్దగా పెడతాను, రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాను, నెలాఖరు లోపల తేల్చండి అన్నాడని రాశావు. మీ మరిది ఎలాగూ ఓడరేవులో పగలూ రాత్రీ డ్యూటీలంటూ తిరుగుతాడు, నువ్వొక్కదానివీ అక్కడ గోడలు చూస్తూ కూర్చునే బదులు కొన్నాళ్ళు వచ్చి లేసు అల్లుకోరాదా అని కూడా రాశావు. నేను జవాబు రాయలేదని నీకు ముక్కు మీదికి కోపం వచ్చి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఏం రాయాలో నాకే తెలియలేదు. వస్తానో రానో ఒక కారు ముందు సీటు మీద ఆధారపడి ఉంది. నవ్వకు, నిజమే చెబుతున్నాను.

మొదటి నుంచీ చెబుతాను.

ఈ ఊరొచ్చిన కొత్తలో నువ్వనుకున్నట్టే గోడలు చూస్తూనే కూర్చున్నాను. గోడలు కూడా ఎక్కువ లేవు, మాది ఒకటిన్నర గది. సముద్రం దగ్గర కదా చల్లగా ఉంటుందనుకుంటావు. ఒళ్ళంతా జిడ్డే తప్ప చల్లదనం లేదు. ఉతికి ఆరేసిన బట్టల మీద ఓడరేవు నుంచి ఎర్ర ధూళి వచ్చి పడుతుంది. మీ మరిదిగారి తెల్ల లుంగీ ఇప్పుడు ఏ రంగో మా ఇద్దరికీ తెలియదు. జాలరిపేట నుంచి చేపల బుట్టలతో వచ్చే ఆడవాళ్ళు నేను ‘ఆయ్’ అనగానే, ‘గోదారమ్మొచ్చినాది’ అని నవ్వి ధర పెంచేసేవాళ్ళు. ఇప్పుడు నేనూ ‘ఏటి’ అంటున్నాను, ధర తగ్గింది. అన్నం సయిస్తోంది, మాగాయే కరువు. ఎవరైనా ఇటు వస్తుంటే ఒక జాడీ పంపించు.

మా పక్క వాటాలో పైడమ్మ అని ఉంది. నోట్లో నువ్వుగింజ నానదు కానీ మనసు వెన్న. వాళ్ళాయన అప్పలనాయుడుకి పూర్ణా మార్కెట్ వెనక సందులో ఒక షెడ్డు ఉంది. అందరూ ఆయన్ని మేస్త్రీ అంటారు. పాత కార్లనీ, మిలిటరీ వేలంలో కొన్న జీపుల్నీ విప్పి, సొంతదారు ఎలా కావాలంటే అలా మళ్ళీ కట్టి ఇవ్వడం ఆయన పని. ఒకరికి ఎత్తు కావాలి, ఒకరికి జోరు కావాలి, ఒకరికి కొండలెక్కే బలం కావాలి. దర్జీ దగ్గరికి గుడ్డ పట్టుకుపోయినట్టు ఈయన దగ్గరికి కారు పట్టుకొస్తారు.

ఒకరోజు గుమ్మంలో కూర్చుని లేసు అల్లుతుంటే పైడమ్మ నా చేతులకేసే చూస్తూ నిలబడింది.

“ఏటి వదినా, దారం సూడకుండానే అల్లెత్తన్నావు. మాయన సూడు, ఉక్కు జడ పైపుతో రోజూ ఏళ్ళు గుచ్చుకోడం, ఇంటికొచ్చి నా మీద అరవడం. నువ్వొకపాలి ఎల్లి ఆ జడేటో సూసి రారాదా” అంది.

ఉక్కుతో జడేమిటా అని, చూద్దామని వెళ్ళాను. అంతే, మళ్ళీ వెనక్కి రాలేదు. పొద్దున్న వెళ్ళినదాన్ని సాయంత్రం మీ మరిదిగారు వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే ఉన్నాను.

అది ఎలా ఉంటుందో చెప్తాను. లోపల వేలికన్నా సన్నంగా తెల్లటి మెత్తని గొట్టం. దాని పైన వెంట్రుకంత సన్నటి ఉక్కు తీగలు, పాయలు పాయలుగా, ఒకదాని కిందనుంచి ఒకటి పోతూ చుట్టూ అల్లి ఉంటాయి. వెండి మొలతాడులా మెరుస్తుంది. బ్రేకు తొక్కితే లోపలున్న నూనె ఈ గొట్టంలోంచి చక్రం దగ్గరికి తోసుకుపోయి బ్రేకుని బిగిస్తుందట. మామూలు రబ్బరు గొట్టమైతే ఆ తోపుకి బుగ్గలా ఉబ్బుతుంది, తొక్కిన బలమంతా ఆ ఉబ్బులోనే పోతుంది. జడ గొట్టం ఉబ్బదు. తొక్కినదంతా చక్రానికే పోతుంది. ఎవరల్లారో కానీ ఒక్క కన్ను తప్పలేదు అక్కా, నాయనమ్మ చూస్తే కళ్ళకద్దుకుంటుంది.

పని ఏమిటంటే, ఆ గొట్టాన్ని కావలసినంత కోసి, రెండు చివర్లా ఇత్తడి బిగింపులు ఎక్కించాలి. కోసే చోట ముందు టేపు గట్టిగా చుట్టాలి, లేకపోతే రంపం తగలగానే తీగలు గడ్డిపరకల్లా విచ్చుకుంటాయి. తరవాత తీగల్ని ఒక్కొక్కటిగా పైకి లేపి, లోపలి తెల్లగొట్టం మీదికి చిన్న ఇత్తడి ఉంగరం తొడిగి, తీగల్ని మళ్ళీ దాని మీదికి దువ్వి, పైన కాలరు బిగించాలి. ఒక్క తీగ ఉంగరం కింద ఇరుక్కుందా, నూనె కారుతుంది. మేస్త్రీ చేతులు పెద్దవి, ఆయనకి అదే తంటా. నాకు ఒక ముక్క ఇచ్చి, “తీగ ఇరక్కుండా ఇప్పి, మళ్ళా మూసీమ్మా, సూద్దాం” అన్నాడు. మూశాను. “ఊఁ” అన్నాడు. ఆయన దగ్గర అది చాలా పెద్ద మాటని తరవాత తెలిసింది.

అలా చేరాను. గాజులకి తీగలు తగులుకుంటుంటే, తియ్యడానికి మనసొప్పక, పైకి తోసి గుడ్డపేలిక కట్టుకుంటున్నాను. వేళ్ళకి కాస్త గుచ్చుకుంటాయి కానీ అదేమంత కాదు. నేను పూర్ణ ఆరోగ్యంగా ఉన్నాను. ఇది రెండోసారి.

మొదట్లో తీగలు లేపి ఇవ్వడం వరకే నా పని, ఆఖరి బిగింపు మేస్త్రీదో, ఆయన దగ్గర చాలాకాలంగా ఉన్న సన్యాసిరావుదో. తరవాత తరవాత పోర్టు లారీల గొట్టాలు నేనే బిగించసాగాను. అవి సామాన్లు ఎత్తే వాటివి, బ్రేకులవి కావు. బ్రేకు గొట్టాలు మాత్రం నా చేతికి ఇచ్చేవాళ్ళు కాదు. ఎందుకంటే ఆ షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. కారుకి బ్రేకు గొట్టాలు ఎవరు బిగిస్తే, ఆ కారు మొదటిసారి కొండ దిగేటప్పుడు వాళ్ళు ముందు సీట్లో కూర్చోవాలి. సింహాచలం కొండ ఎక్కించి, అక్కణ్ణుంచి కిందకి దింపుతారు. మేస్త్రీ గురువుగారి నాటి నుంచీ ఇదే పద్ధతట. “బిగించినోడు కూకుంటాడని తెలిస్తే బిగింపు సక్కగుంటాది” అంటాడు మేస్త్రీ. అలా కూర్చుని దిగినవాళ్ళనే ఆ షెడ్డులో పనివాళ్ళుగా లెక్కేస్తారు. మిగతావాళ్ళం గుడ్డలు పిండేవాళ్ళం.

ఇంతలో మూర్తిగారి కారు వచ్చింది. మూర్తిగారు ఓడల్లో ఇంజనీరు. ఏడాదిలో ఎక్కువ భాగం సముద్రం మీదే ఉంటారు, సెలవు దొరికితే ఈ ఊళ్ళో ఈ కారు పక్కనే ఉంటారు. రెండే తలుపులున్న పాత ఫారిన్ కారు. ఇంజను మార్పించారు, సీట్లు మార్పించారు, కొండల మీద జోరుగా పోవాలని ఆయన కోరిక. జోరు వచ్చింది, ఇంక ఆగడమే కావాలి. దానికోసం ఏదో రేవులో ఓడ ఆగినప్పుడు ఒక చుట్ట జడ గొట్టమూ, కాలర్లూ, ఉంగరాలూ కొని సూట్‌కేసులో తెచ్చుకున్నారు. ఇక్కడ ఎంత వెతికినా దొరకనివి. ఉన్నంతలోనే అయిపోవాలి, పైగా ఆయన త్వరలో మళ్ళీ ఓడ ఎక్కాలి.

మేస్త్రీ ఆ చుట్ట నా ఒళ్ళో పెట్టి, “ఇంత సన్నటిది నా ఏళ్ళకి అవదు గానీ, నువ్వు కొయ్యి, నువ్వే బిగించు” అన్నాడు.

నాకప్పుడేమైందో చెప్పలేను. ఇంటికి నడిచి వెళ్ళానో ఎగిరి వెళ్ళానో గుర్తులేదు. బ్రేకు గొట్టాలు నావి, అంటే సీటూ నాదే కదా. ఆరోజే అనుకున్నాను, ఆ సీట్లో కూర్చుని కొండ దిగితే ఈ ఊళ్ళో ఉండిపోతాను, నన్ను గుడ్డలు పిండేదానిగానే ఉంచేస్తే ఊరొచ్చి లేసు పట్టుకుంటాను. నీకు జవాబు రాయనిది అందుకే.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడని, తిండి కూడా మరిచిపోయి చేశాను. ముందు చక్రాలకి రెండు, వెనక్కి ఒకటి. ఎంత ముచ్చటగా వచ్చాయనుకున్నావు! ఎక్కడా వేలాడకుండా, ఒంగకుండా, గీత గీసినట్టు తిన్నగా. సన్యాసిరావు కూడా వంగి చూసి, “ఫొటో తియ్యొచ్చు” అన్నాడు. నేను పమిట కప్పుకుని నిలబడ్డాను, ఎవరైనా పొగుడుతారేమోనని.

మేస్త్రీ వచ్చాడు. చూశాడు. జాకీ పెట్టి కారు ముందుభాగం పైకి లేపాడు, చక్రం కిందికి వేలాడింది. స్టీరింగు ఒక పక్కకి ఆఖరిదాకా తిప్పి, “వచ్చి సూడమ్మా” అన్నాడు.

చూశాను. ఆ గొట్టం వీణ తీగలా లాగి పట్టేసి ఉంది. ఇంకొక్క అంగుళం చక్రం దిగితే కాలరు ఊడి వచ్చేదే.

“ఇలగెందుకు కోసినావు?” అని అడిగాడు. కోప్పడలేదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

నాకప్పుడు తెలిసింది అక్కా. నాయనమ్మ! దారం వదులైతే వేళ్ళ మీద సూదితో కొట్టేది గుర్తుందా? వదులు అల్లిక బద్ధకస్తురాలి అల్లిక అని. లాగి, బిగించి, తిన్నగా ఉంచితేనే పువ్వు పువ్వులా నిలబడుతుందని. పదేళ్ళప్పటి నుంచీ అదే చేసిన చెయ్యి, గొట్టం దొరికినా అదే చేసింది. లాగి పట్టి కొలిచాను, లాగి పట్టి కోశాను. ఎప్పుడూ కారు ఎక్కినదాన్ని కాదు, చక్రం ఎంత తిరుగుతుందో, ఎంత ఎగురుతుందో నాకేం తెలుసు? నిలబడి ఉన్న కారుకి కొలత తీసుకున్నాను. ఇదంతా మేస్త్రీకి చెప్పాను, నాయనమ్మ సూది దెబ్బలతో సహా. ఆయన చాలాసేపు నవ్వాడు.

“మీ నాయనమ్మ మాట లేసుకి మంచిదే. ఇది కదిలీ సరుకమ్మా. సక్రం తిరగాల, ఎగరాల, పడాల. దానికి కాసింత ఒదులొగ్గాల. ఒదులంటే బద్దకం కాదు, దాని బతుక్కి జాగా” అన్నాడు.

ఆయన నవ్వాడు కానీ నాకు ఏడుపొచ్చింది. షెడ్డు వెనక్కి పోయి పంపు కింద ముఖం కడుక్కునే వంకతో ఏడ్చాను. ఎందుకంటే ఉంగరం ఒకసారి బిగిస్తే మళ్ళీ పనికిరాదు. మూర్తిగారు తెచ్చినవాటిలో ఇంక మిగిలినవి ముందు రెండు గొట్టాలకి సరిపోయే ఉంగరాలే. చుట్టలో మిగిలిన గొట్టం కూడా ఆ రెండింటికే చాలుతుంది. మళ్ళీ చెడగొడితే ఆయన కారు ఇంకో సెలవుదాకా షెడ్డులోనే. నా సంగతి చెప్పక్కర్లేదు. మేస్త్రీ మాత్రం సన్యాసిరావుని పిలవలేదు. గొట్టం నా ముందే పెట్టి టీ తాగడానికి పోయాడు.

ఈసారి ముందు కొలవలేదు. ఒక తాడు తెచ్చి రెండు చివర్లా కట్టి, చక్రాన్ని ఈ చివరికీ ఆ చివరికీ తిప్పించి, పైకి లేపించి, కిందికి దింపించి, ఆ తాడు ఎక్కడా లాగకుండా, ఎక్కడా చక్రానికి రాసుకోకుండా ఎంత కావాలో చూసుకున్నాను. తరవాతే రంపం ముట్టుకున్నాను. బిగించాక చూస్తే చంద్రవంకలా కాస్త వంగి వేలాడుతోంది. నా కంటికి అది ఇప్పటికీ అందంగా లేదు. మేస్త్రీ జాకీ ఎక్కించి అటూ ఇటూ తిప్పి చూసి, “ఊఁ” అన్నాడు. అప్పుడు ప్రాణం లేచొచ్చింది.

అంతటితో అయిందనుకుంటున్నావా? అసలు గొడవ అప్పుడే మొదలైంది.

కొండకి వెళ్ళే ముందురోజు పొద్దున్న మేస్త్రీ, “రేపు సన్నేసి కూకుంటాడు” అన్నాడు, మజ్జిగ ఇటివ్వమన్నంత మామూలుగా.

“బిగించింది నేను కదా” అన్నాను.

“నువ్వేనమ్మా, కాదన్నానా? అయితే అది కొండ దిగుడు. నువ్వు ఆడకూతురివి. ఏదన్నా అయితే మీయనకి నాను జవాబు సెప్పనేను.”

“మరి సన్యాసిరావు పెళ్ళానికి చెప్పగలరా?”

సన్యాసిరావు దగ్గాడు. నాకు ఒళ్ళు మండిపోయింది అక్కా, నీకు తెలుసుగా నా సంగతి. పానా తీసుకుని వెళ్ళి కారు పక్కన కూలబడ్డాను.

“ఏటి సేత్తన్నావు?”

“విప్పుతున్నాను. సన్యాసిరావు కూర్చునేట్టయితే సన్యాసిరావే బిగించుకోవాలి. ఉంగరాలు లేవుగా, ఆయన వేళ్ళకున్నవి తొడుక్కోమనండి” అన్నాను.

మేస్త్రీ పరుగున వచ్చి నా చేతిలో పానా లాక్కున్నాడు. “ఓలమ్మో, ఈ గుంటతో నాను ఏగనేను” అని తల పట్టుకున్నాడు. ఆఖరికి, “సరే, మీయన్ని ఒప్పించు. ఆయన రేపు కొండ కింద నా పక్కన నిలబడి సరేనంటే నువ్వే కూకో” అన్నాడు.

ఇంక మీ మరిదిగారి వంతు. పాపం మంచివాడే, పనికి వెళ్ళొద్దని ఒక్కనాడూ అనలేదు. అయితే ఈ మాట వినగానే తింటున్న ముద్ద పళ్ళెంలో పెట్టేశాడు.

“గొట్టాలు బిగించుకో, కాలర్లు బిగించుకో, నాకేం పర్లేదు. ఆ కారు మాత్రం ఎక్కడానికి వీల్లేదే” అన్నాడు.

“ఏం? నేను బిగించిన గొట్టమండీ అది. భయమెందుకు?”

“నువ్వు బిగించేవు కాబట్టేనే నా భయం.”

చూశావా అక్కా ఎంత మాటన్నాడో! ఆ పూట ఇంక నేను మాట్లాడలేదు. రెండో పూట పప్పులో ఉప్పు వెయ్యలేదు. ఆయన మారు మాట్లాడకుండా తిన్నాడు, అంటే తప్పు చేశానని తెలిసిందన్నమాట. అప్పుడు మెల్లిగా అడిగాను. “రోజూ మీరు ఓడ కింద నిలబడతారు. నెత్తి మీద వించి టన్నుల సరుకు ఎత్తుతుంది. ఆ వించి తీగ ఎవరు బిగించారో మీకు తెలుసా? నేను ఒక్కరోజైనా వెళ్ళొద్దన్నానా? నాకు భయం లేకనా?” అన్నాను. నిజంగా ఆ భయం నాకు రోజూ ఉంది. ఇన్నాళ్ళూ నీకు రాయలేదు.

ఆయన, “తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు” అని చెయ్యి కడుక్కున్నాడు. అదే ఒప్పుకోవడం.

నిన్న పొద్దున్నే బయల్దేరాం. ముందు మధురవాడ అవతల ఖాళీ రోడ్డు మీద మూర్తిగారు కారు అటూ ఇటూ తోలి ఆపి చూసుకున్నారు. జీడితోటల్లో ఆవులు కాసుకునేవాళ్ళు తప్ప అడ్డొచ్చేవాళ్ళు లేరు. తరవాత కొండ. కింద మేస్త్రీ, సన్యాసిరావు, పైడమ్మ, సైకిలు పట్టుకుని మీ మరిదిగారు. ఆయన ముఖం చూస్తే నన్ను అత్తారింటికి పంపుతున్నట్టుంది. మేస్త్రీ ఆయనకేసి చూశాడు. ఆయన తల ఊపాడు. నేను ఎక్కి కూర్చున్నాను.

ఎక్కేటప్పుడు ఏమీ తెలియలేదు, బ్రేకుతో పని లేదుగా. పైన ఆపి, నేను దిగి అప్పన్నస్వామికి బయటనుంచే దణ్ణం పెట్టుకున్నాను. స్వామీ, నా ఉంగరం కింద తీగ ఉంటే ఇప్పుడే చెప్పు అని అడిగాను. ఆయనేమీ అనలేదు.

“భయంగా ఉందామ్మా?” అన్నారు మూర్తిగారు.

“మీకు లేదా అండీ?” అన్నాను.

“కొంచెం ఉంది” అన్నారు. అదే నాకు ధైర్యమిచ్చింది.

దిగడం మొదలుపెట్టాం. అక్కా, కొండ మీంచి కారు దిగుతుంటే భూమి మన ముందు నుంచి తీసేసినట్టుంటుంది. మొదటి మలుపులో ఆయన బ్రేకు తొక్కారు, ఆయనతోపాటు నేనూ ఉత్త నేలని తొక్కాను. కారు తల వంచి ఆగింది. మళ్ళీ వదిలారు, మళ్ళీ జోరు. మలుపు దగ్గర చక్రం ఆఖరిదాకా తిరిగినప్పుడల్లా నా చెవులు ఆ చక్రం దగ్గరే ఉన్నాయి. లాగుతోందా, రాసుకుంటోందా అని. ఏ చప్పుడూ లేదు. నాకు అందంగా కనపడని ఆ వదులే మలుపు మలుపునా గొట్టానికి జాగా ఇస్తోంది.

సగం దిగాక ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా బస్సు. రోడ్డంతా ఆక్రమించి పైకి వస్తోంది. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. మూర్తిగారు ఒక్కసారి తొక్కారు. నేను ముందుకి విసురుకుపోయి రెండు చేతులూ అద్దం కింద ఆనించాను. నా నోట్లోంచి ఏ దేవుడి పేరూ రాలేదు, నాయనమ్మ పేరు వచ్చింది. కారు గీత గీసినట్టు నిలబడిపోయింది, పక్కకి ఒక్క జానెడు కూడా జరగలేదు. బస్సులోంచి గుండ్లు చేయించుకోబోయేవాళ్ళందరూ కిటికీల్లోంచి నన్నే చూస్తున్నారు. డ్రైవరు తల బయటపెట్టి, “బేగి ఆగినావు బాబూ” అన్నాడు మూర్తిగారితో. మూర్తిగారు నాకేసి చెయ్యి చూపించారు. ఆ డ్రైవరుకి ఏమీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది, చాలు. నాకు ఎక్కడా దెబ్బ తగల్లేదు, పూర్ణ ఆరోగ్యంగా ఉన్నాను. ఇది మూడోసారి, ఇంక అడగకు.

కిందికి వచ్చాం. మేస్త్రీ ముందు కారు దగ్గరికే వచ్చాడు. నాలుగు చక్రాల కిందా పాత పేపరు పరిచి, బ్రేకు తొక్కుతూనే ఉండమని మూర్తిగారికి చెప్పి, నేల మీద పడుకుని ఒక్కొక్క పేపరూ వేలితో రాసి చూశాడు. ఎక్కడా ఒక్క చుక్క లేదు. లేచి, చేతులు దులుపుకుని, సన్యాసిరావుతో, “రేపొచ్చీ జీపు బ్రేకులు కూడా ఈయమ్మకే ఇచ్చీ. నువ్వు గుడ్డ అందించు” అన్నాడు. పైడమ్మ నన్ను వాటేసుకుంది. నేను ఏడ్చాను. ఈసారి పంపు దగ్గరికి పోలేదు, అందరి ముందే ఏడ్చాను.

మీ మరిదిగారు కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. వంగి ఆ గొట్టం చూశాడు. ముందు తలుపు మీద చెయ్యి వేసి నిమిరాడు. తరవాత మేస్త్రీ దగ్గరికి పోయి, “బాబాయ్, ఎలాగూ కొండ దగ్గరే ఉన్నాం కదా. నేనూ ఓసారి ఆ ముందు సీట్లో కూర్చుని దిగొచ్చేనా?” అని అడిగాడు, చిన్నపిల్లాడిలా.

మేస్త్రీ ఆయన్ని కిందనుంచి పైదాకా చూశాడు.

“అది బిగించినోళ్ళ సీటు బాబూ. నువ్వేటి బిగించినావు?” అన్నాడు.

మీ మరిది వెనక్కి తిరిగి నాకేసి చూశాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నన్ను అలా చూడలేదు అక్కా. షెడ్డు నుంచి సైకిలు నడిపించుకుంటూ నా పక్కన నడిచి ఇంటికి వచ్చాడు, ఎక్కమని కూడా అనలేదు. దారి పొడుగునా కనపడినవాళ్ళకల్లా తనే చెప్పాడు.

కాబట్టి ఏజెంటుగారికి చెప్పెయ్యి, నా చోటు ఎవరికైనా ఇచ్చేయమని. మన వీధిలో ఎవరికిచ్చినా సంతోషమే. బావగారివి పాత మెత్తటి పంచెలు ఉంటే ఉతికి పంపు, బ్రేకు సామాను తుడవడానికి నూలు రాలని గుడ్డ కావాలి. ఇక్కడ దొరికేవన్నీ పీచు గుడ్డలే. నాయనమ్మకి వదులు సంగతి మాత్రం చదివి వినిపించకు. బాధపడుతుంది, లేకపోతే సూది పట్టుకుని ఇక్కడికే వస్తుంది.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకి ముద్దులు. నాయనమ్మ కాళ్ళకి నా బదులు నువ్వు దణ్ణం పెట్టి, నా చేతులు చల్లగా ఉండాలని ఆవిడ నోట అనిపించు. నీ దీవెన నాకెప్పుడూ ఉండనే ఉంది.

ఇట్లు,
నీ చెల్లెలు,
సత్యవతి.

ఇంకో మాట. ఈ ఉత్తరం డబ్బాలో వెయ్యమని మీ మరిదిగారికి ఇస్తే, అడగకుండానే విప్పి చదువుకున్నాడు. ఆదివారం సెలవట, షెడ్డుకి వస్తాడట. చిన్న నట్టయినా సరే, ఏదో ఒకటి బిగించనివ్వమని మేస్త్రీకి నన్ను సిఫార్సు చెయ్యమంటున్నాడు. ఆలోచిస్తానన్నాను.